డాక్టరు సీటుకు అమ్మ మొక్కిన మొక్కు

మా ఇంట్లో అమ్మవారికి చెప్పకుండా ఏ దరఖాస్తూ గడప దాటదు. నాన్న గ్లౌజుల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు అమ్మ కొబ్బరికాయలు మొక్కింది. ఈ ఇల్లు కొన్నప్పుడు చీర. నాకు డెంగీ వచ్చినప్పుడు కోడిపుంజు. మొక్కడం అమ్మ పని, తీర్చే రోజు నిర్ణయించడం నాన్నమ్మ పని, నోరు మూసుకుని వెంట వెళ్ళడం నాన్న పని, నా పని. ఇంగ్లీషులో మెడిసిన్ చదవడానికి యూరప్‌లోని ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెడుతున్నానని చెప్పిన రోజున వీళ్ళు నన్ను ఊరికే వదిలేస్తారని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

నేను పిరికిదాన్ని. పిరికిదాన్ని కాబట్టి నోరు తక్కువ అనుకోకండి, భయం ఎంత ఎక్కువైతే నా నోరు అంత పైకి లేస్తుంది. ఆ ఏడాదంతా లేస్తూనే ఉంది. ఇక్కడి మలేషియా ప్రభుత్వ కాలేజీల్లో సీటు కోసం చూశాను, నా మార్కులు బాగానే ఉన్నాయి గానీ సీటుకు చాలినంత బాగా లేవు. పక్కనున్న పినాంగ్ నుంచి వచ్చే సీట్ల ఏజెంటు ఒకావిడ ఈ యూరప్ సంగతి చెప్పింది. అక్కడ చదువంతా ఇంగ్లీషులోనే, ఆ డిగ్రీ మన మలేషియాలో చెల్లుతుంది, ముందు ఆన్‌లైన్లో పరీక్ష, అది దాటితే వీడియోలో ఇంటర్వ్యూ. పరీక్ష దాటాను. ఇంటర్వ్యూ అన్న మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది.

ఎందుకు పడదు? నేను బళ్ళో చదివింది మలయ్‌లో. వీధిలో మాట్లాడేది తమిళం. ఇంట్లో మాట్లాడేది మా ముత్తాత విజయనగరం వైపు నుంచి మోసుకొచ్చిన తెలుగు. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, ఎవరైనా తెల్లవాళ్ళు ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తే మాత్రం నాలుక అంగిలికి అంటుకుపోతుంది. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు అని తప్పకుండా అడుగుతారని ఏజెంటు ఒక పేరా రాసిచ్చింది. మానవజాతికి సేవ అని మొదలవుతుంది అది. దాన్ని పొద్దునా రాత్రీ బట్టీ పట్టాను.

సరిగ్గా అప్పుడే అమ్మ పాత మొక్కు బయటపెట్టింది.

"నీ బడి పరీచ్చ పాసైతే నీ జుత్తు ఇస్తానని అమ్మోరికి మొక్కీసినాను. పాసైనావు కదా, ఇచ్చీయాల, లా," అంది. ప్రతి రెండో మాట చివరా ఇక్కడి మలయ్ వాళ్ళ 'లా' తగిలించడం అమ్మకు అలవాటు. ఆ 'లా' వింటే ఎంత పెద్ద సంగతైనా బజారు నుంచి కరివేపాకు తెమ్మన్నట్టు ఉంటుంది.

"నా జుత్తు నువ్వెలగ ఇస్తావు, నన్నడక్కుండా?"

"నిన్ను కన్నప్పుడు నిన్నడిగినానా?"

నాకు ఒళ్ళు మండింది. మార్కులు సీటుకు చాలలేదు, అసలు ఆ మొక్కు ఫలించనట్టే అని వాదించాను. నాన్నమ్మ అప్పటిదాకా తమలపాకులకు ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. తల కూడా ఎత్తలేదు.

"మీ అమ్మ మొక్కింది పాసుకి, సీటుకి కాదు. ఆ లెక్క తీరిపోనాది. పాత మొక్కు తీర్సకుండా అమ్మోరిని కొత్తది అడిగితే ఇస్తాదేటి? ముందు గుండు, తరవాత సీటు."

ఇంటర్వ్యూకి ఇంకా నెల పైగా ఉందనుకున్నాం. ఒక ఆదివారం పొద్దున గుడికి వెళ్ళాం. మేముండే సుంగై పెటాని ఊరి శివారు ఒకప్పుడు రబ్బరు తోట. చెట్లు కొట్టేసి ఇళ్ళు కట్టారు, అమ్మవారి గుడిని మాత్రం ఎవరూ కదపలేదు, ఇప్పటికీ ఇళ్ళ వరసల మధ్య ఉంటుంది. జుట్టంతా పళ్ళెంలో పడుతుంటే నేను ఏడవలేదు. తలకు చందనం పూశాక చల్లగా హాయిగా ఉందని కూడా అనుకున్నాను. మర్నాడు మెయిల్ వచ్చింది, ఇంటర్వ్యూ ముందుకు జరిపారు, వచ్చే వారమే అని.

ఏజెంటు ఆ సాయంత్రం ఇంటర్వ్యూ సాధన చేయిద్దామని వీడియో కాల్ చేసింది. నన్ను చూసి ఆవిడ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత తమిళంలో మెల్లగా అడిగింది, నీ పాస్‌పోర్టు ఫొటోలో భుజం మీద ఇంత లావు జడ ఉంది, ఇప్పుడు ఇలా కూర్చుంటే అది నువ్వేనని వాళ్ళు ఎలా నమ్ముతారు అని. నమ్మినా, ఇదేదో పెద్ద జబ్బుకు మందులు వాడుతున్న పిల్ల అనుకుంటారు, ఆరేళ్ళ చదువుకు అలాంటి పిల్లను తీసుకోవడానికి వెనకాడతారు అని కూడా అంది. ఆవిడ అంత మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అరిచి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

అమ్మ విగ్గు తెచ్చింది. పెళ్ళికూతుళ్ళకు మేకప్ వేసే ఒకావిడ దగ్గర అరువు తెచ్చింది. భుజాల దాకా జుట్టు, మధ్య పాపిడి, లోపల గుచ్చుకునే జాలీ. అది పెట్టుకుని అద్దంలో చూసుకుంటే మా బళ్ళో లెక్కలు చెప్పిన టీచరులా ఉన్నాను. నాన్న ఒకసారి చూసి, "బాగానే ఉన్నాది," అని వెంటనే డ్యూటీకి వెళ్ళిపోయారు.

ఇంటర్వ్యూ రోజు అమ్మావాళ్ళ గదిలో తలుపేసుకుని కూర్చున్నాను, ఇంట్లో నెట్ సరిగ్గా వచ్చేది అక్కడొక్కచోటే. గాలికి విగ్గు కదులుతుందని ఫ్యాను ఆపేశాను. మా ఎండలు తెలిసినవాళ్ళకు ఆ గది ఎలా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు. చెమట జాలీ కిందనుంచి మెడ మీదికి కారుతోంది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

తెరమీద ముగ్గురు కనిపించారు. ఒక పెద్ద వయసు డాక్టరు, ఆయన పక్కన ఇంకో ప్రొఫెసరు, వేరే గడిలో పర్యవేక్షణ చేసే ఒకావిడ. ముందు మాట్లాడింది ఈవిడే. పాస్‌పోర్టు మొహం పక్కన పట్టుకోమంది, పట్టుకున్నాను. కెమెరా తిప్పి గదంతా చూపించమంది, చూపించాను. అమ్మ అలమారా మీద పెట్టిన కుంకుమ డబ్బా దగ్గర ఒక క్షణం ఆగమంది, ఆగాను. అంతా సరిగ్గా ఉందనుకుని ఊపిరి పీల్చుకునేలోపు, "జుట్టు వెనక్కి తీసి రెండు చెవులూ చూపించు," అంది.

చెవుల్లో ఏ యంత్రమూ లేదని చూసుకోవడం వాళ్ళ పద్ధతట. ఏజెంటు చెప్పలేదు, నాకు తెలియదు. కుడి పక్కన జుట్టు రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఎత్తాను. చెమటకు తడిసిన జాలీ మొత్తం నుదుటి మీదికి జారింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ఆవిడ గొంతు మారిపోయింది. దాని కింద ఏముంది అని అడిగింది. అప్పటికి గానీ నాకు వెలగలేదు, వాళ్ళు నన్ను జబ్బుమనిషి అనుకోవడం లేదు, దొంగ అనుకుంటున్నారు. విగ్గు కింద ఏదో దాచి, బయటినుంచి ఎవరో జవాబులు చెప్తుంటే వింటాననుకుంటున్నారు. కాపీ కొట్టిందని రాసేస్తే ఈ ఒక్క చోటే కాదు, ఇంకెక్కడా నా మొహం చూడరు. విగ్గు తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాను. తల ఇటు తిప్పి, అటు తిప్పి, వంచి చూపించాను.

పెద్దాయన కెమెరాకు దగ్గరగా వంగారు. ఏదైనా చికిత్స జరుగుతోందా అని అడిగారు. లేదన్నాను. మళ్ళీ అడిగారు, ఈసారి ఇంకా నెమ్మదిగా, చెప్పినా ఫరవాలేదు అన్నట్టు. నేను ఇంగ్లీషులో వెతుక్కున్నాను. చివరికి నాకు చేతనైనట్టు చెప్పాను, "మా అమ్మ దేవతను నాకు మార్కులు ఇవ్వమని అడిగింది. నా జుట్టు ఇస్తానని మాటిచ్చింది. మార్కులు వచ్చాయి, ఇచ్చేశాం."

పెద్దాయన తల ఊపారు. పర్యవేక్షణ ఆవిడ తలుపు వెనక చూపించమంది, మంచం కింద చూపించమంది, తర్వాత కొనసాగించవచ్చు అంది. కిడ్నీ ఎలా పని చేస్తుందో అడిగారు, చెప్పాను. రక్తం గడ్డకట్టడం గురించి అడిగారు, సగం చెప్పాను. డాక్టరు ఎందుకు కావాలని అడిగేసరికి మానవజాతి పేరా ఎటు పోయిందో పోయింది. మా ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా అందరం భయపడి గుడికి పరిగెడతామని, భయపడుతూనే అయినా చేయాల్సిన పని తెలిసినవాళ్ళు ఒకరు ఇంట్లో ఉండాలనిపిస్తుందని చెప్పాను. చెప్పాక ఇదేం జవాబని నన్ను నేనే తిట్టుకున్నాను.

పెద్దాయన ఆఖర్న అడిగారు, ఈ సీటు కోసం మీ అమ్మ ఏమిస్తానంది అని. ఏమీ లేదండీ, ఇవ్వడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు అన్నాను. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను, తెర ఆరిపోయింది.

బయటికి వచ్చి వంటింట్లో అమ్మకు, నాన్నమ్మకు జరిగిందంతా చెప్పాను. విగ్గు జారిన దగ్గర నాన్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. పెద్దాయన అడిగిన ప్రశ్న చెప్పినప్పుడు మాత్రం ఇద్దరూ నవ్వలేదు. అమ్మ అటు తిరిగి పొయ్యి మీద పులుసు కలపడం మొదలెట్టింది. అది అప్పటికే ఉడికిపోయి ఉంది.

"అమ్మా, ఏటి మొక్కినావు?"

"నీదేటీ ఇస్తానని అన్నేదులే. ఈసారి నాదే."

"ఏటది?"

"సీటొస్తే గుండం తొక్కుతానన్నాను."

ఇక్కడ అందరూ తమిళంలో తీమిది అంటారు, మేం గుండం తొక్కడం అంటాం. తమిళుల ఆడి నెలలో, అంటే ఆషాఢం వైపు, గుడి ముందు పెద్ద గుంట తవ్వి, కట్టెలు కాల్చి, నిప్పులు పరుస్తారు. మొక్కుకున్నవాళ్ళు పసుపు బట్టలు కట్టుకుని, వట్టి కాళ్ళతో ఆ నిప్పుల మీదుగా నడిచి అవతల ఉన్న పాలగుంటలో దిగుతారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ప్రతిసారీ నాన్న వెనక దాక్కునే చూశాను.

నేను అప్పుడు పెద్దగా కంగారు పడలేదు. ఏటా ఎంతమంది తొక్కడం లేదు, అమ్మా తొక్కుతుంది అనుకున్నాను. కంగారు క్లినిక్‌లో మొదలైంది. ఇంటర్వ్యూ అయిన కొన్నాళ్ళకు యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ పంపమన్నారు. అమ్మకు షుగరు ఉంది, ఆమె చెకప్ కూడా ఉండటంతో ఇద్దరం ప్రభుత్వ క్లినిక్‌కి కలిసి వెళ్ళాం. నా పని తొందరగానే అయిపోయింది. అమ్మను నర్సు కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి, కళ్ళు మూసుకోమంది. చేతిలో సన్నటి నైలాన్ పోగు ఒకటి ఉంది. దీంతో పాదాన్ని తాకుతాను, తాకినట్టు తెలిసినప్పుడల్లా చెప్పమ్మా అంది.

నర్సు బొటనవేలి కింద తాకింది. అమ్మ ఏమీ అనలేదు. చిటికెనవేలి కింద తాకింది. అమ్మ ఏమీ అనలేదు. మడమ మీద, పాదం మధ్యలో, మళ్ళీ బొటనవేలి మీద పోగు వంగిపోయేదాకా నొక్కింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, బళ్ళో చిన్నపిల్లలా బుద్ధిగా కూర్చుని ఉంది. కాసేపటికి మలయ్‌లో అడిగింది, ఇంకా మొదలెట్టలేదా అని.

నర్సు నా వైపు చూసింది. అయిపోయిందమ్మా, కళ్ళు తెరవండి అంది నర్సు. వట్టికాళ్ళతో నడవొద్దని, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టొద్దని, రోజూ అరికాళ్ళు చూసుకోవాలని, చిన్న పుండయినా తిన్నగా ఇక్కడికే రావాలని చెప్పింది. లేకపోతే కాలు తీసేయాల్సి వస్తుందని ఆమె చెప్పలేదు. గోడ మీద బొమ్మ ఉంది, నేనే చూసుకున్నాను.

ఆ రోజు నుంచి నా దరఖాస్తుకు రెండు భయాలు పట్టుకున్నాయి. సీటు రాదేమోనని ఒకటి, వస్తుందేమోనని ఇంకొకటి. పొద్దున లేవగానే మెయిల్ చూసేదాన్ని, ఏమీ లేకపోతే దిగులేసేది, వెంటనే హమ్మయ్య అనిపించేది. పిచ్చెక్కినట్టుండేది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. పిల్ల సీటు కోసం బెంగపెట్టుకుందని అమ్మ నాకు దిష్టి తీసింది.

సీటు వచ్చింది. మధ్యాహ్నం వచ్చింది మెయిల్. మూడుసార్లు చదివాను, తప్పు చదివానేమో, నా పేరు కాదేమో అని. నాన్న నన్ను పట్టుకుని ఏడ్చారు. నాన్నమ్మ వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పింది. అమ్మ దీపం పెట్టింది. దీపం ముందు నుంచి లేస్తూనే గుండం తొక్కడానికి గుడిలో ఎప్పుడు పేరిచ్చిరావాలో నాన్నను అడిగింది.

ఇక నా నోరు లేచింది. నర్సు చెప్పింది చెప్పాను. గోడ మీద బొమ్మ గురించి చెప్పాను. ఇంగ్లీషులో నోరు పెగలని నేను ఆ రోజు ఇల్లు పీకి పందిరేశాను.

"నీ కాళ్ళకి నిప్పో నీళ్ళో కూడా తెల్దమ్మా."

"తెల్దు కదా, మరి బయమేటి? అందరూ కాల్తాదని బయపడతారు. నాకా బాదే నేదు, లా."

అమ్మ నిజంగానే అలా అనుకుంది. ఆ తిమ్మిరి అమ్మవారు ముందే ఇచ్చిన వరం అనుకుంది. నాకు కోపం రావాలి, రాలేదు, భయమే వచ్చింది. అమ్మతో ఏం చెప్పినా లాభం లేదు, మొక్కు తీర్చకపోతే నేను ఎక్కే విమానానికి ఏమవుతుందోనని ఆమె భయం ఆమెది. నాన్నమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. దారి చూపించవే, నీకే కదా అన్నీ తెలుసు అన్నాను.

నాన్నమ్మ నా నెత్తి మీద చెయ్యి వేసింది. "మొక్కినోలు తీర్సనేకపోతే, ఆల కడుపున పుట్టినోలు తీర్సొచ్చు. అమ్మోరు ఒప్పుకుంటాది," అంది. ఆ తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వు తొక్కగలవేటే గుంటా?" అంది.

ఎన్ని రోజులు బతిమాలానో, అమ్మ ఎన్ని రోజులు మాట్లాడటం మానేసిందో ఇక్కడ చెప్పను. చివరికి నాన్నమ్మ మాట మీద ఒప్పుకుంది. పూజారి నా చేతికి పసుపు దారం కట్టాడు. ఉపవాసాలున్నాను, నేల మీద పడుకున్నాను. తల మీద జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది. రాత్రుళ్ళు అరికాళ్ళు తడుముకుంటూ పడుకునేదాన్ని. డాక్టరు చదువుకు పోతున్నదాన్ని, కాలిన గాయాల గురించి దొరికినదల్లా చదివాను, చదివినకొద్దీ ఇంకా వణికాను.

ఆ సాయంత్రం గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. నిప్పులు కర్రలతో చదును చేసి, కణికలున్న బూడిద పక్కలకు లాగుతున్నారు. వేడికి దగ్గరికి పోలేకపోతున్నాం. అవతలి కొసన పాలగుంట పక్కన, లాగేసిన బూడిదలోనే వట్టి కాళ్ళతో అమ్మ నిలబడింది, అందరికంటే ముందు, తోసుకుని తోసుకుని వెళ్ళి మరీ నిలబడింది. నా వంతు వచ్చింది. వెనక నుంచి డప్పులు, ఎవరో నడు నడు అని తమిళంలో అరుస్తున్నారు. అమ్మ మొహం ఒక్కటే చూస్తూ కాలు పెట్టాను.

కాలింది. ప్రతి అడుగూ కాలింది. అరుద్దామంటే నోరు లేవలేదు. పాలల్లో కాళ్ళు పడేసరికి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ నన్ను గట్టిగా వాటేసుకుంది, ఆమె కూడా ఏడుస్తోంది. అయిపోయింది అనుకున్నాను. అమ్మ కాళ్ళు గట్టెక్కాయి, నేను చదువుకు వెళ్ళొచ్చు అనుకున్నాను.

జనాన్ని తప్పించుకుని గుడి వెనక కుళాయి దగ్గర కూర్చున్నాం. నా అరికాళ్ళు ఎర్రగా కమిలాయి, మంటగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. అమ్మ నీళ్ళు పోసి నా కాళ్ళు కడిగింది. తర్వాత తన కాళ్ళకంటిన బూడిద కూడా కడుక్కుందామని గట్టు మీద కూర్చుని కుడి కాలు చాపింది. నేను నీళ్ళు పోస్తున్నాను.

బూడిద కరిగాక కనిపించింది. వేళ్ళ కింద, అరికాలి సగం దాకా, తెల్లగా ఉబ్బిన బొబ్బ. ఒక చోట అప్పటికే పగిలి తోలు వేలాడుతోంది. అమ్మ ఇంకా నా కాళ్ళ వంకే చూస్తోంది.

"అమ్మా, నువ్వెక్కడ తొక్కినావు?"

"నేనెక్కడ తొక్కినానే? నీకోసం సూస్తా అక్కడ నిలబడ్డాను, అంతే."